వాగు లెక్క మన చేతికి రావాలి

(ఉట్నూర్‌లో జరిగిన మండల సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పత్తి ధర గురించి, పోడు పట్టాల గురించి మాకంటే ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. మాకు అప్పజెప్పిన పని వేరు. నదుల శాస్త్రం చదివి, పాఠాలు చెప్పి, డ్యాములు గీసి, చివరికి దేశం నీళ్ల విధానం రాసేదాకా పోయిన ఒక మనిషి చదువు గురించి చెప్పమన్నారు. గుట్టల మీద చెలిమె నీళ్లు తాగేవాళ్లకు ఈ ముచ్చట ఎందుకని కొందరికి అనిపించొచ్చు. మన కాళ్ల కింది నుంచి పోయే వాగు మీద తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఆ చదువు చదివినవాళ్లు రాసిన అంకెల మీదే నిలబడి ఉంది. ఆ అంకెలు చదవడం రాకపోవడం వల్ల మనకు ఎంత నష్టం జరిగిందో అంటే చాలా పెద్ద కథ. అందులో ఒక ముక్క ఇయ్యాల చెప్పుకుందాం.

ఆ మనిషి కానూరి లక్ష్మణరావు. అందరూ కె.ఎల్. రావు అంటారు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. బడిలో చదువుకునే రోజుల్లో దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. ఒంటి కన్నుతోనే మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. బర్మా పోయి రంగూన్‌లో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పారు. అక్కడి నుంచి ఇంగ్లండ్ పోయి బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో 1939లో డాక్టరేట్ తీసుకున్నారు, లఫ్‌బరో కాలేజీలో కొంతకాలం పాఠాలు చెప్పారు. సిమెంటు కాంక్రీటు లెక్కల మీద పుస్తకం రాశారు. అక్కడే ఉండిపోయి ఉంటే ఒక మంచి ప్రొఫెసర్‌గా రిటైరయ్యేవారు, మనం ఇయ్యాల ఆయన పేరు ఎత్తేవాళ్లం కాదు.

తిరిగొచ్చారు. 1950 నుంచి ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డ్యాముల డిజైన్ చూశారు. నాగార్జునసాగర్ డిజైన్ వెనుక ఆయన చెయ్యి ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యామును విదేశీ యంత్రాలతో పోసిన కాంక్రీటుతో కాకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. వేల మంది కూలీల చేతులు దాన్ని ఎత్తాయి. తర్వాత ఆయన విజయవాడ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1963 నుంచి కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ మంత్రిగా చేశారు. అదే ఏడాది జులైలో మన గోదావరి మీద పోచంపాడుకు శంకుస్థాపన జరిగింది. రాజకీయాల్లో తిరిగిన ఆ మనిషి తన జీవిత కథకు పెట్టుకున్న పేరుకు అర్థం 'క్యూసెక్కుల అభ్యర్థి'. ఆయన ఓటర్లతో మాట్లాడింది కూడా క్యూసెక్కుల్లోనే అనుకోవాలి.

ఈ క్యూసెక్కు అంటే ఏందో పిల్లలు కూడా వినండి. టీవీలో రోజూ వినే మాటే, కానీ మనలో చాలామందికి దాని రూపం కళ్లముందుకు రాదు. ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీళ్లు మీ ముందు నుంచి పోతే అది ఒక క్యూసెక్కు. అంటే 28 లీటర్లు, సుమారుగా రెండు బిందెలు. కన్ను మూసి తెరిచేలోపు రెండు బిందెలు. అట్లా 11,574 క్యూసెక్కులు ఒక పూర్తి రోజు, పగలూ రాత్రీ పారితే ఒక టీఎంసీ అవుతుంది, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వాగులో దీన్ని ఎట్లా కొలుస్తారంటే పెద్ద మంత్రమేమీ లేదు. అడ్డంగా వెడల్పు కొలుస్తారు, ఎక్కడికక్కడ లోతు కొలుస్తారు, నీటి వేగం కొలిచే చిన్న చక్రం లాంటి పరికరం ముంచి వేగం చూస్తారు. వెడల్పును లోతుతో, దాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం. ఒడ్డున అంకెలు రాసిన స్కేలు నాటి రోజూ మట్టం రాసుకుంటారు. కష్టమల్లా ఒక్కటే. ఇది ఒక రోజు చేస్తే చాలదు. ముప్పై, నలభై, యాభై ఏండ్లు మానకుండా చెయ్యాలి. పండగ లేదు, రాత్రి లేదు, వరద వచ్చిన రోజైతే అసలే మానొద్దు.

కె.ఎల్. రావు 1975లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు, భారతదేశపు జల సంపద గురించి. దేశంలో నీళ్లు ఎన్ని, ఎక్కడ, దేనికి వాడుతున్నాం అని లెక్క పేర్చిన పుస్తకం. మంత్రిగా చేసిన మనిషి జ్ఞాపకాలతో సరిపెట్టకుండా లెక్కల పుస్తకం రాయడం మన దేశంలో అరుదే. ఆయన ఆలోచనలన్నీ మాకు నచ్చవు, ఆ మాటకు తర్వాత వస్తాం. కొలవకుండా నది గురించి మాట్లాడొద్దన్న పట్టుదల మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే.

కొలత తప్పితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం నాగార్జునసాగర్ దాకా పోనక్కర్లేదు. మన కింద కడెం ఉంది. బోథ్ నుంచి నేరడిగొండ, ఇచ్చోడ, సిరికొండ దాకా గుట్టల మీద పడ్డ వాన చిన్న చిన్న ఒర్రెలై, కుంటాల దగ్గర దూకి, కడెం వాగై పోతుంది. దాని మీద కట్టిన ప్రాజెక్టు 1958 ఆగస్టులో తెగింది. ఈ సంగతి డ్యాముల ప్రమాదాల గురించి చెప్పే ఇంజినీరింగ్ పాఠాల్లో ఉంది. ఆ అంకెలు వినండి. కట్ట ఎత్తు నీటిమట్టం కంటే 2.4 మీటర్లు, అంటే ఎనిమిది అడుగులు ఎక్కువ పెట్టుకున్నారు, వరదొచ్చినా కట్ట దాటదని. వచ్చిన వరద సుమారు 5 లక్షల 20 వేల క్యూసెక్కులు. నీళ్లు ఆ ఎనిమిది అడుగులు నింపి, కట్ట పైనుంచి ఇంకో అడుగున్నర ఎత్తున దూకాయి. మట్టికట్ట మీదుగా నీళ్లు దూకితే ఏమవుతుందో చెరువు కట్ట తెగడం చూసినవాళ్లెవరికైనా తెలుసు. ఎడమ వైపు 137 మీటర్ల గండి పడింది. కుడివైపు ఇంకో రెండు గండ్లు.

కట్టినవాళ్లకు పని రాదా అంటే, పని వచ్చు. రాయి కట్టడం, మట్టి కుదించడం, గేట్లు పెట్టడం అన్నీ వచ్చు. ఈ వాగు ఎంత కోపంగా రాగలదన్న ఒక్క అంకె చిన్నగా పడింది. ఆ తర్వాత గేట్లు పెంచారు, ఇప్పుడు 18 ఉన్నాయి. ఇప్పటి నిల్వ 7.6 టీఎంసీలు. పిల్లలూ, ఇంటికి పోయి ఈ లెక్క మీరే చెయ్యండి: 1958లో వచ్చినంత వరద ఇప్పుడు వస్తే, రిజర్వాయరు పూర్తిగా ఎండి ఉన్నా, గేట్లన్నీ మూసి ఉంటే, నాలుగు గంటల్లో నిండుతుంది. నాలుగు గంటలు. అర్ధరాత్రి వాన మొదలైతే కోడి కూసేసరికి.

2022 జులైలో మనందరం చూశాం. కడెంకు మళ్లీ 5 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా పోయేది అంత లేదు, అందులో ఒక గేటు లేవనే లేదు. నీళ్లు గేట్ల మీదుగా పోయాయి. కింది ఊళ్లవాళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ముసలివాళ్లను భుజాల మీద మోసుకొని పోయినవాళ్లు ఈ సభలో కూడా ఉన్నారు. కట్ట నిలబడింది. మరుసటి ఏడు జులైలో మళ్లీ అదే భయం, మళ్లీ కొన్ని గేట్లు మొరాయించాయి. అదృష్టం బాగుంది అనుకొని ఊరుకోవడానికి ఇది లాటరీ టికెట్టు కాదు గదా.

ఇందులో మన పాత్ర ఎక్కడంటే, ఆ వరద పుట్టేది మన గుట్టల మీద. సిరికొండలో కుండపోత పడుతున్నప్పుడు ఉట్నూర్‌లో ఎండ కాయొచ్చు. గుట్ట మీద నేల గట్టిది, వాలు ఎక్కువ, నీళ్లు ఆగవు. వాన ఎక్కడ ఎంత పడిందో పైన ఉన్న మనకు తెలిసిన గంట, రెండు గంటల తర్వాత గానీ కింద తెలియదు. ఆ రెండు గంటలే కింది ఊళ్ల ప్రాణం. మన ఒర్రెల్లో ఎన్నిటికి స్కేలు నాటి ఉంది? పెద్ద నదులకు కేంద్ర జల సంఘం కొలతలున్నాయి. పెన్‌గంగ వంతెన దగ్గర కొలుస్తారు, ప్రాణహితను టేక్రా దగ్గర, గోదావరిని మంచిర్యాల దగ్గర, పేరూరు దగ్గర కొలుస్తారు. మన గూడెం పక్క ఒర్రె మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఒర్రె దాటలేక పురిటి నొప్పుల ఆడబిడ్డను మంచం మీద మోసుకొచ్చిన రోజు మాత్రం పేపర్లో వస్తుంది.

అంకెలు ఎవరి చేతిలో ఉంటే నిర్ణయం వాళ్ల చేతిలో ఉంటుందనడానికి ఇంకో ఉదాహరణ కూడా మన జిల్లాల్లోదే. తుమ్మిడిహట్టి దగ్గర ప్రాణహితలో 75 శాతం నమ్మకంతో 165 టీఎంసీలు ఉన్నాయన్న లెక్క మీద, అందులో పైరాష్ట్రాలు వాడుకోబోయే వాటా ఎంత అన్న వాదన మీద బరాజు చోటే మారింది. ఈ '75 శాతం నమ్మకం' అన్న మాట ఎన్నో మీటింగుల్లో విన్నాం. వందేండ్లలో 75 ఏండ్లు కనీసం అన్ని నీళ్లు వస్తాయని దాని అర్థం. మిగతా 25 ఏండ్లు రావు. రైతు భాషలో చెప్పాలంటే నాలుగేండ్లకు ఒకసారి కరువును ముందే ఒప్పుకున్న లెక్క. బరాజు మేడిగడ్డకు పోయింది. 2023 అక్టోబరులో అక్కడ పిల్లర్లు కుంగాయి. ఎవరిది తప్పు అన్నది ఇయ్యాల మా విషయం కాదు, దాని మీద సంఘం వేరే సభ పెడుతుంది. వేల కోట్ల నిర్ణయాన్ని కదిపింది ఒక నీటి లెక్క. ఆ లెక్క మీద ఈ జిల్లా రైతును ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

అడగకపోయినా చెప్పినవాళ్లు ఒకరున్నారు. ఆర్. విద్యాసాగర్‌రావు. నల్లగొండ జిల్లా మనిషి. కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. పెన్షన్ తీసుకొని హాయిగా కూర్చోవచ్చు. కూర్చోలేదు. తెలంగాణకు గోదావరి, కృష్ణల్లో వాటా ఎంత, వస్తున్నది ఎంత అని పేపర్లలో తెలుగులో రాశారు, ఊరూరా తిరిగి చెప్పారు. 'నీళ్ళు నిజాలు' అన్న పేరుతో ఆ రాతలు వచ్చాయి. రాష్ట్రం వచ్చాక సాగునీటి సలహాదారుగా పని చేశారు. 2017 ఏప్రిల్‌లో పోయారు. ఆయనతో కొన్ని ప్రాజెక్టుల విషయంలో మన సంఘానికి పొత్తు కుదరదు. కానీ ఢిల్లీ ఫైళ్లలో ఇంగ్లీషులో ఉన్న టీఎంసీని చాయ్ హోటల్ దాకా తెచ్చింది ఆయనే. కె.ఎల్. రావు నది లెక్కను ప్రభుత్వం దగ్గరికి తీసుకుపోయారు. విద్యాసాగర్‌రావు దాన్ని జనం దగ్గరికి తెచ్చారు. ఈ రెండో పని మాకు ఎక్కువ ఇష్టం.

కె.ఎల్. రావు మీద మా అభ్యంతరం ఇప్పుడు చెప్తాం. 1972లో ఆయన గంగను కావేరితో కలపాలన్నారు. పాట్నా దగ్గర గంగ నుంచి వరద రోజుల్లో 60 వేల క్యూసెక్కులు, ఏడాదికి 150 రోజులు ఎత్తిపోసి, 2,640 కిలోమీటర్ల కాలువలో నర్మద, గోదావరి, కృష్ణ, పెన్నల మీదుగా కావేరి దాకా తేవాలని. ఎత్తడానికే వేల మెగావాట్ల కరెంటు కావాలి. ఖర్చు, కరెంటు చూసి కేంద్ర జల సంఘమే అది కుదరదంది. కలలు కనడం తప్పు కాదు. కరువు, వరద ఒకే దేశంలో ఒకే నెలలో ఉండటం చూసి కడుపు మండిన మనిషి ఆలోచన అది. అయితే ఢిల్లీలో గోడ మీద వేలాడే పటంలో మన గుట్టలు నీళ్లు దిగే వాలుగా మాత్రమే కనిపిస్తాయి. ఇంజినీర్లు దాన్ని క్యాచ్‌మెంట్ అంటారు. అక్కడ జొన్న వేసే మనిషి ఉన్నాడని, వాడికీ ఆ వానలో వాటా ఉందని ఆ పటం చెప్పదు. నీళ్లు పుట్టే చోట తాగునీళ్లకు ఎండాకాలం కిలోమీటర్లు నడుస్తున్నాం. పెద్ద కాలువల లెక్కలో ఒర్రెకు అడ్డంగా కట్టే చిన్న కట్ట చిల్లర కింద జమ. మన చేనుకు ఆ చిల్లరే పెట్టుబడి.

అందుకని చదువునే తిట్టి లాభం లేదు. జోడేఘాట్‌లో కుమ్రం భీం పోరాడింది జల్, జంగల్, జమీన్ కోసం అని మనమంతా చెప్పుకుంటాం. జంగల్ మీద, జమీన్ మీద మన దగ్గర కాగితాలు పెరిగాయి. జల్ మీద కాగితం లేదు. భీం పోయిన మూడేండ్లకు, 1943లో, హైమెండార్ఫ్ దొర చొరవతో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారుచేశారు. పట్టా మీద ఏం రాసుందో చదవలేక భూములు పోగొట్టుకున్న తరం తర్వాత, ఆ కాగితం చదివే తరం వచ్చింది. అప్పుడు చదవాల్సింది పహాణీ. ఇప్పుడు దానికి తోడు వాగు రిజిస్టరు కూడా.

రైతులు కొలవగలరా అని ఒక ఆఫీసులో మమ్మల్ని నవ్వుతూ అడిగారు. కొలిచారని చెప్పాం. ఉమ్మడి రాష్ట్రంలో 2003 తర్వాత కొన్నేండ్లు ఏడు కరువు జిల్లాల్లో, అందులో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి, ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే భూగర్భజలాల లెక్క రాశారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయం చేసింది. ఆడవాళ్లు, మగవాళ్లు బావిలో తాడు దించి నీటిమట్టం చూసి, వాన కొలిచి, ఊరి గోడ మీద రాశారు. యాసంగికి ముందు కూర్చొని, భూమిలో ఇంత నీళ్లున్నాయి, వరి వేస్తే ఇంత పోతుంది, శనగ వేస్తే ఇంత పోతుంది అని లెక్క చూసుకున్నారు. వరి వెయ్యొద్దని ఎవరూ హుకుం జారీ చెయ్యలేదు. అంకె చూసి చాలామంది వాళ్లంతట వాళ్లే పంట మార్చుకున్నారు. ఆ రైతులు ఎక్కువమంది పెద్ద చదువులు చదివినవాళ్లు కారు.

మనకు వాన లెక్కతో ఇంకో పని కూడా ఉంది. పత్తికి వాతావరణ బీమా నడిచిన రోజుల్లో పరిహారం ఇవ్వాలా వద్దా అని తేల్చింది మన చేను కాదు, ఎక్కడో మైళ్ల దూరంలో ఉన్న వానకొలత యంత్రం. అక్కడ వాన పడితే ఇక్కడ మొక్క మాడినా పైసా లేదు. రేపు ఏ బీమా వచ్చినా ఇదే గొడవ వస్తుంది. ఊరి పుస్తకంలో రోజువారీ వాన రాసి ఉంటే అడగడానికి ఒక ఆధారం. చట్టం దాన్ని వెంటనే ఒప్పుకుంటుందని మేం అబద్ధం చెప్పం. ఒట్టి నోటి మాట కంటే రాసిన పుస్తకానికి బరువుంటుంది.

ఇప్పుడు వెనుక నిలబడ్డ పిల్లలతో. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ చదివేవాళ్లు సివిల్ ఇంజినీరింగ్‌లో చేరితే జలవనరుల వైపు పోవచ్చు. వరంగల్ ఎన్ఐటీలో, హైదరాబాద్ జేఎన్టీయూలో దాని మీద పై చదువులున్నాయి. ఐఐటీ రూర్కీలో నీటి శాస్త్రానికే ఒక విభాగం ఉంది. ఇంజినీరింగ్ వద్దనుకుంటే డిగ్రీలో జియాలజీ తీసుకొని భూగర్భజలాల వైపు పోవచ్చు. ఉద్యోగం వెంటనే దొరుకుతుందా అంటే సాఫ్ట్‌వేర్ అంత తొందరగా దొరకదు. ఇంట్లో అడుగుతారు, ముందే చెప్తున్నాం. కానీ గోండీ, కొలామీ, లంబాడీ మాట్లాడే నీటి శాస్త్రవేత్త కడెం మీద రిపోర్టు రాసిన రోజు, ఆ రిపోర్టులో క్యాచ్‌మెంట్ అన్న చోట ఊళ్ల పేర్లు ఉంటాయి. ఫీజు కట్టలేని పిల్లలుంటే సంఘం దగ్గరికి రండి. డబ్బు మా దగ్గరా పెద్దగా లేదు. ఏ స్కాలర్‌షిప్ ఎట్లా అడగాలో కూర్చొని దరఖాస్తు రాయిస్తాం.

పెద్దవాళ్లకు పని ఇంకా తేలిక. నిలువు అంచులున్న డబ్బా ఒకటి, స్కేలు ఒకటి, నోటు పుస్తకం ఒకటి. చెట్టు కింద, చూరు కింద పెట్టొద్దు, బయట పెట్టండి. రోజూ పొద్దున ఒకే టైముకు ఎన్ని మిల్లీమీటర్లో చూసి రాసి, డబ్బా ఒంపేయండి. వాన పడకపోతే సున్నా రాయండి, సున్నా కూడా లెక్కే. ఒక ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైనే. ఒర్రె మీద కల్వర్టు ఉంటే గోడకు రంగుతో అడుగులు గీయండి. మూడు అడుగులు దాటితే కింది ఊరికి ఫోను. దీనికి జీవో ఏమీ అక్కర్లేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. 2021లో డ్యాముల భద్రత చట్టం వచ్చింది. పెద్ద డ్యాము ప్రతిదాన్నీ వానాకాలం ముందు, తర్వాత తనిఖీ చెయ్యాలని, వాన, వరద కొలిచే కేంద్రం పెట్టాలని, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో పథకం తయారుచెయ్యాలని అందులో ఉంది. ఇప్పటికే ఉన్న డ్యాములకు ఆ పథకం కోసం ఐదేండ్ల గడువిచ్చారు, 2021 డిసెంబరు 30 నుంచి. కడెం పథకం ఏది? అది తెలుగులో ఉందా? కింది ఊరి సర్పంచు దగ్గర ఒక కాపీ ఉందా? గేట్ల తనిఖీ రిపోర్టు ఏమంది? ఈ నాలుగు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు రాసి పెట్టాం. సంతకాల కాగితం మైకు పక్కన బల్ల మీద ఉంది. ఎగువ ఊళ్లవాళ్లం మనకెందుకు అనుకోవద్దు. వాన మన దగ్గర పడి వాళ్ల మీదికి పోతుంది, మన చుట్టాలు సగం మంది ఆ కిందే ఉన్నారు.

డబ్బాలు ఇరవై తెచ్చాం. ఊరికి ఒకటి చొప్పున, రోజూ రాసే మనిషి పేరు చెప్పి తీసుకుపోండి. పేరు చెప్పనివాళ్లకు ఇవ్వం, అందులో పప్పు పోసుకుంటారని మాకు తెలుసు. ఇక అడగాల్సింది ఉంటే అడగండి, ఇంద్రవెల్లి వైపు పోయే అన్నలకు ముందు అవకాశం, వాళ్లకు బస్సు టైమైంది.